ఎఫ్(ఎక్స్ + 1) అడిగితే చివర 1 కలిపితే ఎందుకు సరిపోదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చాలా ఏళ్ల తర్వాత బీజగణితం మళ్లీ మొదటినుంచి చదువుతున్నారు, ప్రోగ్రామింగ్ కూడా మొదలుపెట్టారు. ఎఫ్(ఎక్స్) = ఎక్స్² − 4ఎక్స్ అని ఇచ్చి, ఎఫ్(ఎక్స్ + 1) ఎంత అని అడిగారు. మీరు ఎక్స్² − 4ఎక్స్ + 1 అని రాశారు. పుస్తకం వెనక మాత్రం ఎక్స్² − 2ఎక్స్ − 3 అని ఉంది. దీంతోపాటు ఇంకో రెండు సందేహాలు పెట్టారు. అక్షరం పక్కన బ్రాకెట్ వస్తే గుణించాలని నేర్చుకున్నాం కదా, ఇక్కడ ఎఫ్‌ని ఎందుకు గుణించకూడదు? వై = ఎక్స్² − 4ఎక్స్ అని హాయిగా రాసుకునేదాన్ని ఎఫ్(ఎక్స్) అని మార్చి రాయడం దేనికి?

ముందు సూటిగా చెప్పేస్తాను. ఎఫ్ అనేది సంఖ్య కాదు, ఒక నియమానికి పెట్టిన పేరు. ఇలాంటి నియమాన్నే ప్రమేయం (ఫంక్షన్) అంటారు. బ్రాకెట్ లోపల ఉన్నది ఆ నియమానికి మనం అందించే విలువ. ఎఫ్(ఎక్స్) అనే మొత్తం రాత, ఆ నియమం తిరిగి ఇచ్చే ఫలితం. కాబట్టి ఎఫ్(ఎక్స్ + 1) అంటే "ఎక్స్ + 1ని మొత్తంగా పట్టుకెళ్లి నియమంలో ఎక్స్ ఉన్న ప్రతిచోటా పెట్టు" అని అర్థం. మీరు చేసింది ఎఫ్(ఎక్స్) + 1. అంటే ఎక్స్‌ని పంపి, ఫలితం బయటికి వచ్చాక 1 కలిపారు. ఆ 1ని లోపలికి పంపే ముందు కలపడం వేరు, ఫలితానికి కలపడం వేరు.

ఇరవై ఏళ్లకు పైగా బీజగణితం చెబుతున్నాను. మీరు చేసిన ఈ తప్పు నేను చూసినన్ని సార్లు మరే తప్పునూ చూడలేదు. తెలివిగా, శ్రద్ధగా చదివేవాళ్లే ఎక్కువగా చేస్తారు. ఎందుకంటే వాళ్లు అంతకుముందు నేర్చుకున్న అలవాట్లను నమ్మకంగా పాటిస్తారు. ఆ అలవాట్లు ఇక్కడ దారి తప్పిస్తాయి.

బ్రాకెట్ సంగతి

గణితంలో బ్రాకెట్‌కి రెండు పనులు ఉన్నాయి. 3(ఎక్స్ + 2) అన్నప్పుడు అది గుణకారం. ఎఫ్(ఎక్స్ + 2) అన్నప్పుడు అది అందించడం. చూపుకి రెండూ ఒకలాగే ఉంటాయి, తేడా రాతలో కనపడదు. మరి ఎలా తెలుస్తుంది? అంతకుముందు ఆ అక్షరాన్ని ఏమని పరిచయం చేశారో చూడాలి. "ఎఫ్ ఒక ప్రమేయం" అనో, "ఎఫ్(ఎక్స్) = ..." అనో మొదట చెప్పి ఉంటే ఇక ఆ లెక్క అయ్యేదాకా ఎఫ్ నియమం పేరే. అలా కాకుండా "ఎ ఒక సంఖ్య" అని ఉంటే ఎ(ఎక్స్ + 2) గుణకారం. ఈ గందరగోళం మీలో లేదు, రాతలోనే ఉంది. చదివేవాడు సందర్భాన్ని బట్టి తేల్చుకోవాల్సిందే.

గుణకారం కాదని మీరే పరీక్షించుకోవచ్చు. ఎఫ్ ఒక సంఖ్య అయ్యుంటే, ఎఫ్(2) విలువ ఎఫ్(1)కి రెట్టింపు రావాలి. మీ నియమంలోనే వేసి చూడండి. ఎఫ్(1) = 1 − 4 = −3. ఎఫ్(2) = 4 − 8 = −4. రెట్టింపు అయితే −6 రావాలి, రాలేదు.

నిజానికి ఈ రకం రాతతో మీకు పాత పరిచయమే ఉంది. వర్గమూలం గుర్తు చూడండి. √9 అన్నప్పుడు మీరు √ అనే దాన్ని 9తో గుణించలేదు. 9ని ఆ గుర్తుకి అందించారు, అది 3 ఇచ్చింది. లాగ్, సైన్ కూడా అంతే. వాటికి ప్రత్యేకమైన పేర్లున్నాయి కాబట్టి గుణించాలనిపించదు. ఎఫ్ ఒంటరి అక్షరం కావడం వల్ల చరరాశిలా కనిపించి మోసం చేస్తుంది.

ఒకసారి ఒక విద్యార్థి జవాబుపత్రంలో "ఎఫ్(3) = 12, కాబట్టి ఎఫ్ = 4" అని రాశాడు. చక్కగా రెండువైపులా 3తో భాగించాడు. లెక్కలో ఒక్క పొరపాటు లేదు, చదవడంలోనే పొరపాటు ఉంది. తర్వాత పిలిచి "దీన్ని తెలుగులో చదువు" అన్నాను. "ఎఫ్ ఆఫ్ త్రీ ఈజీక్వల్టు పన్నెండు" అన్నాడు. అది తెలుగు కాదు, శబ్దం మాత్రమే. "3కి ఎఫ్ ఇచ్చే విలువ 12" అని చదివించాను. అలా రెండుసార్లు చదివాక భాగించాలన్న ఆలోచనే అతనికి రాలేదు. అప్పటినుంచి తరగతిలో అందరిచేతా ఇలాగే చదివిస్తున్నాను. మీరు కూడా ఎఫ్(3) కనపడినప్పుడల్లా "3కి ఎఫ్ ఇచ్చే విలువ" అని చదవండి. పది లెక్కలు చేసేసరికి అలవాటైపోతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. రాతలో ఎఫ్ ముందు వస్తుంది, 3 తర్వాత వస్తుంది. పని జరిగే వరుస మాత్రం దానికి తలకిందులు: ముందు 3 ఉండాలి, దానిమీద ఎఫ్ పని చేయాలి. తెలుగు వాక్యంలో 3 ముందొచ్చి ఎఫ్ తర్వాత వస్తుంది కాబట్టి, పని వరుసా మాట వరుసా కలుస్తాయి. ఇది ఎఫ్(జి(ఎక్స్)) లాంటివి వచ్చినప్పుడు బాగా అక్కరకొస్తుంది. ఆ సంగతి కింద చెబుతాను.

మీ లెక్క

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. నేను చేయించే పద్ధతి ఇది. ఎక్స్‌ని చెరిపేసి ఆ చోట ఖాళీ బ్రాకెట్ రాయండి:

ఎఫ్( ) = ( )² − 4( )

ఇదీ నియమం. "ఏది ఇచ్చినా దాన్ని వర్గం చేసి, దాని నాలుగు రెట్లు తీసెయ్యి." ఇందులో ఎక్స్ ఎక్కడా లేదు చూడండి. ఎక్స్ అనేది ఆ ఖాళీకి పెట్టుకున్న తాత్కాలిక పేరు. ఎఫ్(టి) = టి² − 4టి అని రాసినా అదే ప్రమేయం. ఇప్పుడు ఖాళీలన్నిటిలో ఒకే వస్తువు నింపండి:

ఎఫ్(ఎక్స్ + 1) = (ఎక్స్ + 1)² − 4(ఎక్స్ + 1)

విస్తరిస్తే ఎక్స్² + 2ఎక్స్ + 1 − 4ఎక్స్ − 4, అంటే ఎక్స్² − 2ఎక్స్ − 3. పుస్తకంలో ఉన్నదే.

మొదట ఇచ్చిన ఎక్స్, తర్వాత అడిగిన ఎక్స్ + 1లోని ఎక్స్ ఒకటేనా అని కొందరు ఆగిపోతారు. మంచి ప్రశ్న అది. మొదటిది ఖాళీ పేరు, రెండోది మీరు నింపుతున్న వస్తువులో భాగం. ఒకే అక్షరం రెండు పాత్రల్లో కనపడటం వల్ల ఇబ్బంది. గజిబిజిగా అనిపిస్తే నియమాన్ని ముందు టిలో రాసుకోండి, తర్వాత టి చోట ఎక్స్ + 1 పెట్టండి. సందేహం తీరుతుంది.

బ్రాకెట్ తప్పనిసరిగా వేయండి. ఎఫ్(−3) అడిగితే బ్రాకెట్ లేకుండా −3² − 4 × −3 అని రాసేవాళ్లు −9 + 12 = 3 అని తేలుస్తారు. సరైనది (−3)² − 4(−3) = 9 + 12 = 21. రుణ సంఖ్యలు అందించేటప్పుడు పోయే మార్కుల్లో సగానికి సగం ఈ ఒక్క బ్రాకెట్ మింగేస్తుందని నా అనుభవం.

జవాబు సరిచూసుకోవడానికి పుస్తకం వెనక్కి తిప్పనక్కర్లేదు. ఎక్స్ చోట ఏదైనా చిన్న సంఖ్య వేయండి. ఎక్స్ = 2 అనుకుంటే ఎఫ్(ఎక్స్ + 1) అంటే ఎఫ్(3). నియమం ప్రకారం 9 − 12 = −3. మీరు రాసిన ఎక్స్² − 4ఎక్స్ + 1లో 2 వేస్తే 4 − 8 + 1, అంటే −3. అరే, సరిపోయిందే! ఇక్కడ ఆగకండి. ఎక్స్ = 5 వేసి చూడండి. ఎఫ్(6) = 36 − 24 = 12. మీ జవాబు 25 − 20 + 1 = 6. ఇప్పుడు బయటపడింది. ఒక్కోసారి తప్పు జవాబు కూడా ఒక సంఖ్య దగ్గర సరైనదానితో కలుస్తుంది, అందుకని కనీసం రెండు సంఖ్యలతో చూడాలి. 0, 1, 2 లాంటివాటికన్నా 5, 7 లాంటివి మేలు.

ఇదే దారిలో ఇంకో మూడు తప్పులు పొంచి ఉంటాయి. ఎఫ్(ఎక్స్ + 1)ని ఎఫ్(ఎక్స్) + ఎఫ్(1) అని విడగొట్టడం ఒకటి. గుణకారంలో 3(ఎక్స్ + 1) = 3ఎక్స్ + 3 అని పంచిపెట్టే అలవాటు ఇక్కడికి వస్తుంది. నియమాలు సాధారణంగా అలా పంచుకోవు. (ఎక్స్ + 1)² అంటే ఎక్స్² + 1 కాదని మీకు తెలుసు కదా, అదే కారణం. రెండోది ఎఫ్(2ఎక్స్)ని 2 × ఎఫ్(ఎక్స్) అనుకోవడం. మన నియమంలో ఎఫ్(2ఎక్స్) = 4ఎక్స్² − 8ఎక్స్, 2ఎఫ్(ఎక్స్) = 2ఎక్స్² − 8ఎక్స్. మూడోది, మొదటి ఎక్స్ చోట మాత్రమే మార్చి రెండో ఎక్స్‌ని మరిచిపోవడం. ఖాళీ బ్రాకెట్ పద్ధతి ఈ మూడింటినీ ఆపుతుంది.

మరి వై చాలదా?

ఒకే నియమం, ఒకే గ్రాఫ్ ఉన్నప్పుడు వై చాలు. నేను కూడా గీత గీసేటప్పుడు వై = అనే రాస్తాను. ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందంటే, ఏ విలువ ఇస్తే ఏ విలువ వచ్చిందో ఒకేచోట చెప్పాల్సి వచ్చినప్పుడు, లేదా రెండు మూడు నియమాలు ఒకేసారి నడుస్తున్నప్పుడు.

ఉష్ణోగ్రత మార్చే నియమాన్ని తీసుకోండి. సెల్సియస్ ఇస్తే ఫారన్‌హీట్ వచ్చేది ఒకటి: ఫా(సె) = 1.8సె + 32. సెల్సియస్ ఇస్తే కెల్విన్ వచ్చేది ఇంకొకటి: కె(సె) = సె + 273.15. పేరు ఎఫ్ అనే ఉండాలని ఎక్కడా లేదు, అందుకే అర్థమయ్యే పేర్లు పెట్టాను. ఇప్పుడు ఫా(100) = 212 అన్న ఒక్క ముక్కలో మూడు సంగతులున్నాయి: ఏ నియమం, ఏమిచ్చాం, ఏమొచ్చింది. ఫా(37) = 98.6. కె(37) = 310.15. ఫా(−40) = −40, రెండు కొలమానాలూ ఒకే అంకె చూపించే చోటు అదొక్కటే. ఇవన్నీ వైతో రాయాలంటే "మొదటి సమీకరణంలో ఎక్స్ 37 అయినప్పుడు వై" అని ప్రతిసారీ వాక్యం కట్టాలి. వై అన్నది ఏ ఎక్స్ నుంచి వచ్చిందో చెప్పదు. ఎఫ్(37) తన మూలాన్ని తనలోనే మోసుకొస్తుంది. ఈ రాతలో ఉన్న సౌకర్యం అదే.

ఈ రాతలో బ్రాకెట్ ఎలా వచ్చిందో చరిత్రలో చూడండి. ఫంక్షన్ అన్న మాటను 17వ శతాబ్దం చివర్లో గణితవేత్త లైబ్నిట్జ్ గణితంలోకి తెచ్చాడు. 1718లో యోహాన్ బెర్నౌలీ అనే మరో గణితవేత్త దానికి నిర్వచనం రాశాడు. ఆయన రాతలో బ్రాకెట్ లేదు, ఫై అనే గ్రీకు అక్షరం పక్కనే ఎక్స్ రాసేవాడు. ఎఫ్ పక్కన బ్రాకెట్ పెట్టి రాసింది 1734లో గణితవేత్త ఆయిలర్. అక్కడ బ్రాకెట్ లోపల ఉన్నది ఒంటరి ఎక్స్ కాదు, ఎక్స్/ఎ + సి. అంటే మీరు తడబడిన ఎక్స్ + 1 లాంటిదే. లోపలికి పంపేది ఒక్క అక్షరమైతే బ్రాకెట్ లేకపోయినా నడిచిపోతుంది. కూడికతో ఉన్నదాన్ని పంపాలంటే ఎక్కడినుంచి ఎక్కడిదాకా పంపుతున్నామో చెప్పే హద్దు కావాలి. ఆ బ్రాకెట్‌ని హద్దుగా చూడండి.

అసలు ప్రమేయం అంటే ఏమిటి

ఇప్పటిదాకా రాత గురించి చెప్పాను. భావం ఇది: ఇవ్వదగిన ప్రతి విలువకీ ఖచ్చితంగా ఒకే ఒక్క ఫలితాన్ని కేటాయించే నియమమే ప్రమేయం.

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో క్రమయుగ్మాలు, సమితులు, సహప్రదేశం అంటూ పుస్తకంలోని నిర్వచనంతోనే మొదలుపెట్టేవాణ్ని. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. తర్వాత ఎఫ్(−2) అడిగితే సగం మంది ఆగిపోయేవాళ్లు. కొన్నేళ్లకి ఆ దారి వదిలేసి ఒక ఆటతో మొదలుపెట్టాను. నా మనసులో ఒక నియమం ఉంటుంది. వాళ్లు సంఖ్య చెబుతారు, నేను ఫలితం బోర్డుమీద రాస్తాను. 1 అంటే 5. 2 అంటే 7. 10 అంటే 23. −1 అంటే 1. కాసేపటికి ఎవరో ఒకరు "రెట్టింపు చేసి 3 కలుపుతున్నారు" అని కనిపెట్టేస్తారు. అప్పుడు నేను కావాలని ఒక పని చేస్తాను. ఇంకో కొత్త నియమంతో ఆట మొదలుపెట్టి, 4కి ఒకసారి 9 అనీ, కాసేపాగి మళ్లీ 4 అడిగితే 11 అనీ రాస్తాను. తరగతంతా ఒక్కసారిగా అరుస్తుంది: "అలా కుదరదు!" ఎందుకు కుదరదు అని అడుగుతాను. "ఇందాక 4కి 9 అన్నారుగా, అలా మారిస్తే కనిపెట్టడం ఎలా?" అంటారు. అక్కడితో నిర్వచనం వాళ్లే చెప్పేశారు. ఒకే విలువకి రెండు ఫలితాలుంటే ఎఫ్(4) అన్న రాతకే అర్థం పోతుంది, అది దేన్ని సూచిస్తోందో తెలియదు.

ఇంకో ఆటలో 3కీ 9, −3కీ 9 వచ్చాయనుకోండి. ఎవరూ అరవరు. ఇద్దరికి ఒకే ఫలితం రావడంలో తప్పేమీ లేదు, ఒకరికి రెండు రావడమే తప్పు. ప్రతి మనిషికీ పుట్టినతేదీ ఒకటే ఉంటుంది, కాబట్టి మనిషి నుంచి పుట్టినతేదీకి ప్రమేయం ఉంది. ఒక తేదీన ఎందరో పుడతారు కాబట్టి తేదీ నుంచి మనిషికి ప్రమేయం లేదు. దిశ మారితే సమాధానం మారింది. గ్రాఫ్ ఇచ్చి ప్రమేయమా కాదా అని అడిగినప్పుడు నిలువు గీత గీసి చూడమనేది ఇందుకే. నిలువు గీత అంటే ఒకే ఎక్స్. అది గ్రాఫ్‌ని రెండుచోట్ల తాకితే ఆ ఒక్క ఎక్స్‌కి రెండు ఫలితాలున్నట్టు.

√9 అంటే 3 మాత్రమేనా, −3 కూడానా అన్న పాత తగాదా కూడా ఇక్కడే తీరుతుంది. ఎక్స్² = 9 అన్న సమీకరణానికి 3, −3 రెండూ సాధనలే. √ మాత్రం ప్రమేయం కాబట్టి ఒక్కటే ఇవ్వాలి, అది ధనాత్మకమైనదే అని ఒప్పుకున్నాం.

నియమం అన్నానని ఫార్ములా ఉండి తీరాలనుకోకండి. రోజంతా గంటగంటకీ ఉష్ణోగ్రత రాసిన పట్టిక కూడా ప్రమేయమే, దానికి ఏ ఫార్ములా లేకపోయినా. ఆయిలర్ 1748 నాటి పుస్తకంలో ప్రమేయాన్ని చరరాశి, సంఖ్యలతో కట్టిన ఒక ఫార్ములాగానే నిర్వచించాడు. కేవలం అనుబంధం చాలు, ఫార్ములా అక్కర్లేదు అన్న భావం స్థిరపడేసరికి 19వ శతాబ్దం వచ్చింది. 1829లో డిరిక్లే అనే గణితవేత్త ఒక ఉదాహరణ ఇచ్చాడు: అకరణీయ సంఖ్య (రెండు పూర్ణాంకాల భిన్నంగా రాయగలిగేది) ఇస్తే ఒక విలువ, కరణీయ సంఖ్య (అలా రాయలేనిది, √2 లాంటిది) ఇస్తే ఇంకో విలువ. దాని గ్రాఫ్‌ని గీయడం ఎవరివల్లా కాదు, అయినా అది ప్రమేయమే. అంత పెద్దవాళ్లకే దశాబ్దాలు పట్టిన భావం మీకు వారంలో పూర్తిగా పట్టుబడకపోతే కంగారు పడకండి.

ఎఫ్(ఎక్స్) = 7 అన్నదాన్ని చూసి "ఇందులో ఎక్స్ లేదుగా, తప్పు పడిందేమో" అని చాలామంది అడుగుతారు. తప్పు కాదు. ఏమిచ్చినా 7 ఇస్తుంది. ఎఫ్(100) = 7, ఎఫ్(ఎక్స్ + 1) కూడా 7. మామూలు మాటల్లో "నా ప్రమేయం లేకుండానే జరిగింది" అంటాం కదా, ఇక్కడ ఎక్స్ ప్రమేయం లేకుండానే 7 వస్తోంది. అయినా గణితంలో దాన్ని ప్రమేయమే అంటాం, ఎందుకంటే ప్రతి విలువకీ ఒకే ఫలితం అన్న షరతుని అది నూటికి నూరుపాళ్లు పాటిస్తోంది.

ఎఫ్(5) వేరు, ఎఫ్(ఎక్స్) = 5 వేరు

మీరు అడగలేదు కానీ తర్వాతి అధ్యాయంలో మిమ్మల్ని ఆపేది ఇదే, అందుకని ఇప్పుడే చెబుతున్నాను. ఎఫ్(5) = ? అంటే 5 ఇచ్చాను, ఏమొస్తుంది అని. మన నియమంలో 25 − 20 = 5. ఎఫ్(ఎక్స్) = 5 అంటే ఏమిస్తే 5 వస్తుంది అని. మొదటిదానికి వేసి లెక్కపెడితే చాలు. రెండోదానికి సమీకరణం సాధించాలి: ఎక్స్² − 4ఎక్స్ − 5 = 0, అంటే (ఎక్స్ − 5)(ఎక్స్ + 1) = 0. ఎక్స్ = 5 లేదా ఎక్స్ = −1. మొదటి ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే జవాబు. రెండోదానికి రెండు ఉండొచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు కూడా. ఎఫ్(ఎక్స్) = −10 అని అడిగి చూడండి, వాస్తవ సంఖ్యల్లో జవాబు లేదు, ఎందుకంటే ఈ నియమం ఇవ్వగలిగే అతి తక్కువ విలువ −4, అదీ ఎక్స్ = 2 దగ్గర. గ్రాఫ్ మీదైతే మొదటి ప్రశ్నకి అడ్డ అక్షం మీద 5 దగ్గర నిలబడి నిలువుగా వెళ్లాలి. రెండోదానికి 5 ఎత్తులో అడ్డంగా గీత గీసి, గ్రాఫ్‌ని ఎక్కడెక్కడ తాకిందో చూడాలి.

ప్రదేశం గురించి కొంచెమే చెబుతాను. ఏ విలువలు ఇవ్వొచ్చు అన్నదే ప్రదేశం. మొదట్లో చూసుకోవాల్సినవి రెండే: హారం సున్నా కాకూడదు, వర్గమూలం లోపల రుణ సంఖ్య రాకూడదు. 1/(ఎక్స్ − 2)కి 2 ఇవ్వకూడదు. √(ఎక్స్ − 5)కి 5కన్నా తక్కువ ఇవ్వకూడదు. సందర్భం కూడా హద్దు పెడుతుంది: చతురస్రం భుజం ఇస్తే వైశాల్యం ఇచ్చే వైశా(భు) = భు² అన్న ఫార్ములా −3ని అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది, కానీ −3 పొడవున్న భుజం లేదు. కొంచెం లోతైన సంగతి ఒకటి: (ఎక్స్² − 4)/(ఎక్స్ − 2)ని కొట్టేస్తే ఎక్స్ + 2 వస్తుంది, అయినా ఆ రెండూ ఒకే ప్రమేయం కావు. మొదటిదానికి 2 ఇవ్వలేం, రెండోదానికి ఇవ్వొచ్చు.

ఒకదాంట్లో ఒకటి

జి(ఎక్స్) = 2ఎక్స్ + 3 అనుకుందాం. ఎఫ్(జి(1)) ఎంత? ఎడమనుంచి చదివితే ఎఫ్ ముందు కనపడుతుంది కాబట్టి ఎఫ్‌తో మొదలుపెట్టాలనిపిస్తుంది. పైన చెప్పినట్టు తెలుగులో చదవండి: "1కి జి ఇచ్చే విలువకి ఎఫ్ ఇచ్చే విలువ." వరుస దానంతటదే వచ్చేసింది. జి(1) = 5, ఎఫ్(5) = 5. ఇప్పుడు తిప్పి జి(ఎఫ్(1)): ఎఫ్(1) = −3, జి(−3) = −3. రెండూ వేరు. వరుస మారితే ఫలితం మారవచ్చని దీన్నిబట్టే తెలుస్తోంది.

ఒక హెచ్చరిక. ముందుముందు ఎఫ్ మీద −1 ఘాతంలా రాసిన గుర్తు వస్తుంది: ఎఫ్⁻¹(ఎక్స్). అది 1/ఎఫ్(ఎక్స్) కాదు. ఎఫ్ చేసిన పనిని వెనక్కి తిప్పే విలోమ ప్రమేయం అది. జి రెట్టింపు చేసి 3 కలుపుతుంది కాబట్టి జి⁻¹ ముందు 3 తీసేసి సగం చేస్తుంది: జి⁻¹(ఎక్స్) = (ఎక్స్ − 3)/2. జి⁻¹(7) = 2, కానీ 1/జి(7) = 1/17. ఈ గుర్తు 3⁻¹ = 1/3 అన్నదానితో గొడవ పడుతుందన్న మాట నిజమే. ఒకే గుర్తుకి రెండు అర్థాలు అంటగట్టిన రాతలు గణితంలో కొన్ని ఉన్నాయి, వాటిని తెలుసుకుని జాగ్రత్తపడటం తప్ప దారి లేదు.

ప్రోగ్రామింగ్ కూడా మొదలుపెట్టానన్నారు కదా. అక్కడ రాసే ఫంక్షన్ పిలుపు దాదాపు ఇదే రాత, పేరు, బ్రాకెట్, లోపల అందించే విలువ. ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ప్రోగ్రాంలో ఇప్పుడు సమయమెంత అని చెప్పే ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ వేరే జవాబిస్తుంది. గణితంలో ప్రమేయానికి ఆ స్వేచ్ఛ లేదు.

చివరగా, మీరు ఆగిపోయిన పేజీ తర్వాత ఏమొస్తుందో ఊహించగలను. (ఎఫ్(ఎక్స్ + హెచ్) − ఎఫ్(ఎక్స్))/హెచ్ అని ఒకటి ఇస్తారు. చూడగానే భయపెట్టేలా ఉంటుంది, కానీ మీరిప్పుడు చేయగలరు. ఖాళీ బ్రాకెట్లలో ఎక్స్ + హెచ్ నింపండి: (ఎక్స్ + హెచ్)² − 4(ఎక్స్ + హెచ్). ఇది ఎక్స్² + 2ఎక్స్హెచ్ + హెచ్² − 4ఎక్స్ − 4హెచ్. ఇందులోంచి ఎఫ్(ఎక్స్)ని, అంటే (ఎక్స్² − 4ఎక్స్)ని బ్రాకెట్‌తో సహా తీసేయండి. మిగిలేది 2ఎక్స్హెచ్ + హెచ్² − 4హెచ్. హెచ్ సున్నా కానంతవరకు హెచ్‌తో భాగిస్తే 2ఎక్స్ + హెచ్ − 4. సరిచూడటానికి ఎక్స్ = 3, హెచ్ = 1 వేయండి: ఎఫ్(4) − ఎఫ్(3) = 0 − (−3) = 3. అటు 6 + 1 − 4 కూడా 3. రెండో సంఖ్యతో మీరు సరిచూడండి. ఆ తర్వాత ఎఫ్(ఎక్స్) = 5 − ఎక్స్² తీసుకుని ఇదే మొత్తం మళ్లీ చేయండి, −2ఎక్స్ − హెచ్ రావాలి. రాకపోతే మీరు వేసిన మెట్లన్నీ ఇక్కడ రాయండి, ఎక్కడ జారిందో చూసి చెబుతాను.